నిండితేనే కదిలే డబ్బాలు

మా బావంత పిసినారి ఈ భూప్రపంచంలో ఉండడు. డబ్బు దగ్గర కాదు, చోటు దగ్గర. అక్క పెట్టె సర్దుకుంటుంటే చూస్తూ ఊరుకోలేక, బూట్లలో మేజోళ్లు, గ్లాసుల్లో మాత్రల సీసాలు కుక్కేవాడు. నన్ను కూడా మడిచి పెట్టెయ్ బావా అని ఏడిపించేదాన్ని.

ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. పెద్ద డిష్ ఉన్న కేంద్రంలో కూర్చుని, ఇంటర్నెట్ డేటాను ఉపగ్రహం మీదుగా దూరపు దీవులకు పంపాలి. ఆ డేటా అంతా ఒకే కొలత డబ్బాల్లో వెళ్తుందట. డబ్బా సగమే నిండితే మిగతాది పనికిరాని అంకెలతో నింపి పంపేవారు. బావకి ప్రాణం ఒప్పలేదు. వెనకాల వచ్చే డేటా కోసం ఆగి, దాన్నీ అందులోనే సర్ది, డబ్బా నిండాకే పంపేలా అమర్చాడు. ఆ వారమంతా ఆయన కాలు నేల మీద నిలవలేదు.

అక్క ఆ దీవుల్లో ఒకదాంట్లో నర్సు. ఏడాది ఒప్పందం అయిపోవస్తోంది. పొడిగించుకుంటుందో, ఇంటికొచ్చేస్తుందో తేల్చి చెప్పాలి. ఆదివారాలు ఇద్దరూ ఆ ఉపగ్రహం లైను మీదే మాట్లాడుకునేవారు. బావ డబ్బాల సంబరం మొదలయ్యాక మాటలు కుదరడం మానేశాయి. ఈయన చెప్పింది అక్కడికి ఆలస్యంగా, ముక్కలు ముక్కలుగా చేరేది. ఈలోగా అక్క గొంతు చిన్నబోయేది.

ఆ ఆదివారం, వచ్చేయనా అని అడిగింది. వచ్చెయ్ అన్నాడు బావ. అది చేరేలోపే, "ఇంత ఆలోచించాలా? సరేలెండి, రేపు సంతకం పెట్టేస్తాను," అని ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

బావ కంచం ముందు దిగాలుగా కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండింది. సెలవు రోజు, లైను ఖాళీగా ఉంటుంది, మాట ఇంకా బాగా వెళ్లాలి కదా అని నిలదీశాను.

"పెళ్లాంతో మాట్లాడాలన్నా డబ్బా నిండాలా నీకు?"

బావ చెయ్యి ఆగిపోయింది. మాటలు చిన్న చిన్న తునకలు. లైను ఖాళీగా ఉంటే వాటి వెనకాల వచ్చేదేమీ ఉండదు. డబ్బా నిండక, బయల్దేరక, వాటిని అక్కడే కూర్చోబెట్టింది ఈయనగారి తెలివే. సరిగ్గా చెయ్యి కూడా కడుక్కోకుండా కేంద్రానికి పరుగెత్తాడు, వెనకే నేను. మాటలు మోసే డబ్బాలు దేనికోసమూ ఆగకుండా బయల్దేరేలా మార్చాడు. సగం ఖాళీగా పోతాయే అన్నాను. పోనీ అన్నాడు మా పిసినారి బావ. నాకు ఆయన మీద ఎప్పుడూ లేనంత జాలేసింది.

అక్కడినుంచే ఫోన్ చేశాడు. ఈసారి ఎత్తింది, కోపంగానే.

"ఇందాక అడిగావే, అది మళ్లీ అడుగు," అన్నాడు.

"ఏముంది అడగడానికి? వచ్చేయనా అనేగా..."

"వచ్చెయ్. నువ్వు లేకుండా నాకేం బాగాలేదు."

అవతలినుంచి ఏమీ వినిపించలేదు. బావ కంగారుగా తెర వైపు చూశాడు. లైను బాగానే ఉంది. నేను ఫోన్ లాక్కుని చెవికి ఆనించుకున్నాను. అక్క ఏడుస్తోంది.