‘అబ్బా’ అని వినపడిన చోట

నాకు కుదురు తక్కువ. ఇది చిన్నప్పటి నుంచీ మా అమ్మ అనే మాట, నేను కాదనను. కథ రాయడానికి కూర్చుంటే ముగింపు ముందు రాసేసి, అక్కడికి ఎలా చేరాలా అని తర్వాత వెతుక్కునే రకాన్ని. ఆ తొందరలో ఒకసారి ఒక మనిషిని మెట్ల మీద పడేశాను. కథలో కాదు, నిజంగానే. పడేశానని తెలుసుకోవడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

తొంభైల చివరి రోజులవి. మాదాపూర్‌లో బండలు పేల్చి అద్దాల మేడలు లేపుతున్నారు. మాది గోదావరి జిల్లా. కూకట్‌పల్లిలో పిన్ని వాళ్ళింట్లో ఉంటూ నేనొక మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ ఆఫీసులో చేరాను. అమెరికాలో డాక్టర్లు రోగిని చూశాక టేపులో ఏదో చెప్పుకుంటారు. దాన్ని మేం హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని టైపు చెయ్యాలి. బల్ల కింద కుట్టుమిషనుకు ఉన్నట్టు ఒక పెడల్ ఉంటుంది. కాలితో తొక్కితే టేపు నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమతో నొక్కితే వెనక్కి తిరుగుతుంది.

కొత్తవాళ్ళం టైపు చేసిన కాగితాలు దిద్దడానికి ఒకామె ఉండేది. నాకంటే మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు పోలియో వచ్చిందట. ఎడమ కాలికి ఇనప పట్టీల బూటు, చంకలో కర్ర. కుడికాలు పెడల్ మీద పెట్టిందంటే మాత్రం ఆమె వేగం ఆఫీసులో ఇంకెవరికీ లేదు. మొదటి రోజు నేను వెళ్ళి, “ఏవండీ, ఈ మాట ఏమిటో చూస్తారా అండీ?” అన్నాను.

“అండి గిండి ఏంది? నేనేమన్న మీ ఊరి పంతులమ్మనా? నువ్వు అను చాలు,” అంది.

బయట బండ పేల్చే ముందు ఈల వేసేవాళ్ళు. తర్వాత ఢామ్మని ఒక మోత, కిటికీలు అదిరేవి, టేపులో ఆ క్షణాన డాక్టరు అన్న మాట కాస్తా మోతలో కలిసిపోయేది. వెనక్కి తిప్పి మళ్ళీ వినే ఓపిక నాకెక్కడిది? తోచింది కొట్టేసేదాన్ని. ఒకసారి తక్కువనే హైపో అన్నచోట ఎక్కువనే హైపర్ అని కొట్టాను. ఆమె ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టి, నన్ను పిలిచి మరీ తిట్టింది.

“వినవడకపోతే గీత గీసి ఖాళీ వదిలెయ్. అందాజగ రాయకు. నువ్వు ఈడ అందాజ కొడితే ఆడ ఎవరికో మందు మారుతది.”

సరే అన్నాను. సరే అనడం నాకు చాలా తేలిక.

వాళ్ళమ్మది మెదక్ వైపు పల్లె, ఇంటి భాష తెలుగు. నాన్నది పాతబస్తీ, ఆయన ఇంట్లో ఉర్దూ. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకుని బోరబండలో కాపురం పెట్టారు. ఆయన ఆటో నడుపుతాడు. రోజూ ఆమెను ఆఫీసులో దింపేదీ, తీసుకెళ్ళేదీ ఆయనే. నాతో మాట్లాడేటప్పుడు ఆయన్ని ఆమె ‘మా నాయిన’ అనేది. ఇంట్లో ఏమని పిలుస్తుందో నేనెప్పుడూ అడగలేదు. అడగాలని తోచనే లేదు.

నేను చేరిన వారానికి జరిగిందిది. మా ఆఫీసు రెండో అంతస్తులో. లిఫ్టు కోసం గొయ్యి తవ్వి పెట్టారు గానీ లిఫ్టు ఇంకా రాలేదు. ఆ పొద్దున ఆమె మొదటి అంతస్తు మలుపులో మెట్టు మీద కూర్చుని బూటు పట్టీ బిగించుకుంటోంది. నేను కింద నుంచి వస్తున్నాను. ఉన్నట్టుండి ఆమె మెట్ల పక్క కటకటాల వైపు తిరిగి, “అబ్బా!” అని గట్టిగా అరిచింది. చేతిలో సంచీ విసిరేసి, ఒక్క ఉరుకున వెళ్ళి, ఆమె చంకల్లో చేతులు పెట్టి పైకి లేపాను. కర్ర జారి టకటకమంటూ కిందకు పోయింది. ఆమె నా చేతుల్లోంచి జారి మోకాలి మీద పడింది. మళ్ళీ లేపాను. ఆమె కటకటాల్లోంచి రోడ్డు వైపు చూస్తూ ఉండిపోయింది. పాపం, నామోషీ పడుతోంది అనుకున్నాను.

మధ్యాహ్నం చూస్తే ఆమె దగ్గర టిఫిన్ డబ్బా లేదు. నా అన్నంలో సగం పెట్టాను. తల ఎత్తకుండా గబగబా తినేసింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికి వెళ్ళి చీర కూడా మార్చుకోకుండా కథ రాయడానికి కూర్చున్నాను.

ఆ కథకు పెట్టిన పేరు చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది, చెప్పను. తర్వాత నెలల్లో ఆమె ఇంటి సంగతులు తెలిసే కొద్దీ వాటినీ అందులో చేర్చుకుంటూ పోయాను. అందులో ఒక కుంటి అమ్మాయి. తల్లిదొక మతం, తండ్రిదొక మతం, ఇద్దరూ చనిపోయారు. అటువాళ్ళూ రానివ్వరు, ఇటువాళ్ళూ రానివ్వరు. ‘ఏ గూటికీ చెందని పక్షి’ అని రాశాను. రోజంతా కిటికీ దగ్గర కూర్చుని ఆడుకునే పిల్లల్ని చూస్తుంటుంది. మెట్ల మీద పడిపోయి ‘అబ్బా’ అని మూలుగుతుంది. ఒక మంచిమనసున్న స్నేహితురాలు, అంటే నేనే, లేవదీసి అన్నం పెడుతుంది. కృతజ్ఞతతో కన్నీళ్ళు. ఆఖరి పేజీలో వానలో చావు. రాస్తూ నేనే వెక్కి వెక్కి ఏడ్చాను. ఎంత గొప్పగా రాశానో అనుకున్నాను.

అంతకుముందు పంపిన ఆరు కథలూ తిరిగొచ్చాయి. దీనికి మాత్రం వారపత్రిక నుంచి కార్డొచ్చింది, వేసుకుంటున్నాం అని. నేను ఇల్లంతా గంతులేశాను. ఊళ్ళో అమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ సాయంత్రానికల్లా వీధి వీధంతా చెప్పేసింది. మర్నాడు కార్బన్ కాపీ పట్టుకుని ఆఫీసులో ఆమె బల్ల దగ్గరకు పరిగెత్తాను.

“నీ మీదే రాశాను!”

“నా మీదనా? నిజంగ?” ఆమె మొహం వెలిగిపోయింది. సాయంత్రం ఆటో ఎక్కుతూనే వాళ్ళ నాన్నకు చెప్పడం నేను మెట్ల మీంచి చూశాను.

మర్నాడు కాగితాలు తిరిగొచ్చాయి, ఎర్ర పెన్సిలు గీతలతో. నా రిపోర్టు దిద్దినట్టే దిద్దింది. ‘పాపం’ అని ఉన్నచోటల్లా సున్నా చుట్టింది. కిటికీ అన్న మాట పక్కన, ‘నేనెప్పుడు కూసున్న? ఆడ ఏసీ నీళ్ళు కారుతయ్’ అని రాసింది. పక్షి పక్కన, ‘రంజాన్‌కు పాతబస్తీల, బతుకమ్మకు మెదక్‌ల, రెండు దిక్కులా నన్ను గుంజుకుంటరు. నాకే తీరిక దొరకదు’ అని. కృతజ్ఞత పక్కన, ‘ఆకలికి తిన్న’ అని. ఇక ‘అబ్బా’ దగ్గర సున్నా లేదు. దాని కింద గీత గీసి, పక్కన చిన్న అక్షరాలతో రాసింది.

‘ఇది నొప్పి కాదు. మా నాయిన.’

నాకు అర్థం కాలేదు. అడిగితే చెప్పింది.

“ఆ రోజు టిఫిన్ ఆటోల మర్చిపోయిన. పట్టీ బిగిస్తుంటే కటకటాల్లకెల్లి చూస్తే ఆటో తిరుగుతున్నది. అబ్బా అని పిలిచిన. నేను మా నాయినను గట్లనే పిలుస్త. ఇంతల నువ్వొచ్చి గుంజినవ్. కర్ర పాయె, నేను పాయె, టిఫిన్ పాయె.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“కొత్త పిల్ల, మంచికే పట్టుకున్నదని ఊకున్న. గిట్ల కథల రాస్తవని నాకేం తెలుసు?”

ఒప్పుకోవాల్సింది. ఒప్పుకోలేదు, ఒళ్ళు మండిపోయింది. “కథ అన్నాక కల్పన ఉంటుంది! అన్నీ జరిగినట్టే రాయాలా?” అని గొంతు పెంచాను. పక్క బల్లల వాళ్ళు హెడ్‌ఫోన్లు తీసి మరీ విన్నారు.

“కల్పన రాయొద్దని ఎవరన్నరు? ఇంకో కాలు పెట్టుకో, వేరే మెట్లు పెట్టుకో. నా మెట్ల మీద నన్ను కూసోబెట్టి నా ఏడుపు నువ్వేడిస్తే ఎట్ల? చివరికి సంపుడెందుకు? రాసుడైపోయింది, ఇగ పో అనా?”

“చదివేవాళ్ళ గుండె కరగాలి కదా.”

“కరగనీకి నేనే దొరికిన్నా?” అని, గొంతు తగ్గించింది. “నా సంగతి ఇడిసిపెట్టు. నీ కథల నాకు నాయిన లేడు. ఎందుకు సంపినవ్?”

“అనాథ అయితే ఇంకా జాలి…” అంటూ సగంలో ఆగిపోయాను. నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు, ఎంత అసహ్యంగా ఉందో.

“నాయినకు తెలుగు మాట్లాడుడొస్తది, చదువుడు రాదు. అచ్చయితే నేనే చదివి వినిపియ్యాలె. బిడ్డ మీద కథొస్తున్నదని ఆటో స్టాండుల అందరికీ చెప్పుకున్నడు. వాపస్ తీస్కో అంటలేను, నీ ఇష్టం. గీ జాగకొచ్చినంక ఆయనకు ఏమని చదవాలె? అదొక్కటి చెప్పు.”

కాగితాలు తీసుకుని నా బల్ల దగ్గరికి వచ్చేశాను. రెండు వారాల్లో అచ్చవుతుంది. మొదటి కథ. అమ్మ ఫోన్ చేసి ఏ వారం ఏ వారం అని ప్రాణం తీస్తోంది. మూడు రోజులు అన్నం సహించలేదు, ఒకచోట కూర్చోలేదు. “కాలుగాలిన పిల్లిలా ఏమిటే ఆ తిరుగుడు?” అంది పిన్ని. ఆఫీసులో పెడల్ మీద కాలు ఊరికే అదిరేది, టేపు ముందుకూ వెనక్కూ పోయేది. ఒకసారి ఆమె మీద కోపం, ఒకసారి నా మీద. నేనేమన్నా చెడ్డ బుద్ధితో రాశానా? ఏడ్చాను కదా, నిజంగా ఏడ్చాను కదా! ఎవరి కోసం ఏడ్చానని అడిగితే మాత్రం జవాబు లేదు.

నాలుగో రోజు డ్యూటీ దిగి రోడ్డు మీదకొస్తే వాళ్ళ నాన్న నన్నూ పిలిచాడు. “ఆవో బేటా, ఎక్కు. కూకట్‌పల్లి దిక్కే పోతున్న.”

ఆమె పక్కన కూర్చున్నాను. మాదాపూర్ దుమ్ములో ఆటో ఎగిరెగిరి పడుతోంది. ఆయన అద్దంలోంచి నా వంక చూసి నవ్వాడు. “బేటా, కథల నా ఆటో ఉన్నదా?”

ఆమె మొహం బయటకు తిప్పుకుంది. “ఉందండి,” అన్నాను.

“నంబరు గూడ ఏసినవా?”

“వేస్తానండి.”

“అచ్ఛా!” అని హారన్ కొట్టాడు, ముందు ఎవరూ లేకపోయినా. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాడు సెలవు పెట్టి వారపత్రిక ఆఫీసుకు వెళ్ళాను. కథలు చూసే పెద్దాయన మా వైపు వాడే. “కంపోజింగ్ అయిపోయిందమ్మా. బొమ్మ కూడా వేయించాం, చూడండి,” అని తీసి చూపించాడు. కిటికీ, కన్నీళ్ళు, కింద విరిగిపడ్డ కర్ర. ఎంత చూసినా ఆ అమ్మాయి ఎవరో నాకు తెలియలేదు.

“కథ వెనక్కి ఇచ్చేయండి. మార్చాలండి.”

“ఏం మారుస్తారు?”

“తండ్రి బతికే ఉన్నాడండి. ఆ అమ్మాయి కూడా చావదు.”

“ఆ రెండూ తీసేస్తే ఇందులో ఇంకేముందమ్మా?”

“తెలియదండి. సరిగ్గా వినాలి.”

ఆయనకు చిర్రెత్తుకొచ్చింది. ఇకమీద మీ కథలు తీసుకోవడం కష్టం అన్నాడు, అన్నంత పనీ చేశాడు. మెట్లు దిగుతూ ఏడ్చాను. ఈసారి ఎవరి కోసమో తెలుసు, అచ్చు కాని నా పేరు కోసం.

మళ్ళీ రాయడానికి రెండు నెలలు పట్టింది. నాకు తెలియని చోటల్లా గీత గీసి ఖాళీ వదిలాను. పట్టీ బిగించుకుంటూ ఏమనుకుంటుంది? గీత. కలలో ఏ భాష మాట్లాడుతుంది? గీత. కాలు గురించి వాళ్ళ నాన్న ఎప్పుడైనా ఏమన్నా అన్నాడా? గీత. సగం కథ గీతలే. తీసుకెళ్ళి ఆమెకిచ్చాను. కొన్ని పూరించింది. కొన్నిచోట్ల ‘గిది నాగ్గూడ తెల్వది, నువ్వే అల్లుకో’ అని రాసింది. కాలు గురించి నాన్న అన్నదాని దగ్గర ‘గిది నీకెందుకు?’ అని రాసింది. అది అలాగే ఖాళీగా ఉంచేశాను.

కథను ఇంకో రెండు చోట్లకు పంపితే రెండు చోట్ల నుంచీ తిరిగొచ్చింది. ఒకరోజు డ్యూటీ అయ్యాక ఆమె, “ఇగ అచ్చు అచ్చు అని కూసుంటే అయ్యేటట్టు లేదు, తే ఇటు,” అని కాగితాలు లాక్కుని ఆటో వెనక సీట్లో కూర్చుంది. నేను పక్కన నిలబడ్డాను. కూర్చోలేకపోయాను. వాళ్ళ నాన్న గుడ్డ తడిపి ముందు అద్దం మీద బండల దుమ్ము తుడుచుకుంటున్నాడు.

“అచ్చు గాలేదా? పర్వా నై. చదువు,” అన్నాడు.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ఆటో నంబరు వచ్చినప్పుడు ఆయన తుడుస్తూనే “హౌ, హౌ, గదే” అన్నాడు. కథలో టిఫిన్ డబ్బా సీటు కింద ఉండిపోయింది. ఆ అమ్మాయి మెట్టు మీద కూర్చుంది. పట్టీ బిగించుకుంటూ కటకటాల్లోంచి రోడ్డు వైపు చూసింది. ఆటో తిరుగుతోంది.

“అబ్బా!” అని చదివిందామె.

ఆయన చేతిలో గుడ్డ పక్కన పెట్టి, వెనక్కి తిరిగి, “ఏంది బేటా?” అన్నాడు.