శారమ్మకు సరిపోయిన గది

బోధన్ డిపోలో ఇరవై ఏడేళ్లు బస్సు నడిపి దేవయ్య పోయిన మార్చిలో రిటైరయ్యాడు. అందులో పదహారేళ్లు హైదరాబాద్ రూటే. పొద్దున బండి తీస్తే మధ్యాహ్నానికి జూబ్లీ బస్టాండు. అక్కడ డ్రైవర్ల గదిలో ఓ కునుకు, ఓ చాయ్, మళ్లీ బోధన్. ఆయన ఉండే రాకాసిపేటలో ఎవరు పట్నం పోవాలన్నా ముందు ఆయన్నే అడిగేవాళ్లు. ఏ ఆటో ఎక్కాలి, ఎక్కడ దిగాలి అని. తోచింది చెప్పి పంపేవాడు. నిజానికి ఆయనకు తెలిసిన పట్నం బస్టాండు గేటు దగ్గరే ఆగిపోయింది. చార్మినార్‌ను రెండుసార్లు చూశాడు, అదీ ఎన్నికల డ్యూటీలో, స్టీరింగు ముందు కూర్చునే.

రిటైరయిన రోజు డిపోలో దండలు వేశాక భూమన్న మైకు తీసుకున్నాడు. ఇప్పుడు ఆ రూటులో బండి నడిపేది అతనే.

"దేవన్న లక్షలమందిని పట్నం తోల్కపోయిండు. మా వదినెను మాత్రం ఒక్కసారి గూడ తోల్కపోలే" అన్నాడు.

అందరూ నవ్వారు, దేవయ్యా నవ్వాడు. కానీ ఆ మాట ఇంటిదాకా ఆయన వెంట వచ్చింది.

భార్య శారమ్మ ఇంట్లో జాకెట్లు కుడుతుంది. యాభై ఆరేళ్ల మనిషి. మూడు రోజులు హైదరాబాద్ పోయి హోటల్లో ఉందాం, చుట్టాలిండ్లు వద్దు అని దేవయ్య అంటే ఆమె మిషన్ మీద నుంచి తల ఎత్తలేదు. "సూద్దాం తియ్" అంది. ఆ మాటను దేవయ్య ఒప్పుకోలు కిందే జమకట్టి, కూతురు లిడియాకు ఫోన్ చేశాడు. లిడియా నిజామాబాద్‌లో ఒక ల్యాబులో పనిచేస్తుంది. ఆదివారం వచ్చి, ఫోన్లో హోటళ్లు ఒక్కొక్కటే తీసి తల్లికి చూపించింది.

మొదటిది గచ్చిబౌలిలో, పదకొండో అంతస్తు. అంత ఎత్తులో కళ్లు తిరుగుతాయంది శారమ్మ. రెండోది చార్మినార్ దగ్గరి పాత లాడ్జి, కిటికీలోంచి మినార్లు కనిపిస్తాయి. అక్కడ మంది ఎక్కువంది. మూడోది కాచిగూడ స్టేషన్ ఎదురుగా. రైళ్ల సప్పుడుకు నిద్ర పట్టదంది. లిడియా ఇంకో రెండు చూపించింది. వాటికీ ఏదో ఒక వంక.

చెప్పులు వేసుకుంటూ లిడియా తండ్రిని బయటికి పిలిచింది. "అమ్మకు అసలు పోవాలనే లేదు బాపు. ఊకె బలవంతం చేయకు."

దేవయ్యకు ఆ మాట గట్టిగానే తగిలింది. నెలకు పదిహేను రోజులు రోడ్డు మీదే ఉన్న మనిషి, ఇంట్లో ఉన్న రోజుల్లో సగం నిద్రపోయిన మనిషి. తనతో కలిసి మూడు రోజులు ఒక గదిలో ఉండటం ఆమెకు ఇష్టం లేదేమో అనుకున్నాడు. రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. మూడో రోజు మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కున్నాక అడిగేశాడు.

"నాతోని వచ్చుడు నీకు ఇష్టం లేకుంటే లేదను. హోటళ్లకు వంక పెట్టుడెందుకు?"

శారమ్మ చేతిలోని జాకెట్ ముక్కను మడిచి పక్కన పెట్టింది.

"నీతోని రానికి ఇష్టం లేకేంది. నాకు ఉచ్చ ఆగది" అంది.

దేవయ్యకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది. పదేళ్ల నుంచీ ఇంతే. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా ఆగదు. అర్ధగంటకోసారి పోవాల్సిందే, వచ్చిందంటే రెండు నిమిషాలు ఓపిక పట్టడానికి లేదు. బస్సెక్కాలంటే ముందు రోజు నుంచే మంచినీళ్లు మానుకుంటుంది. కామారెడ్డిలో ఆయన తమ్ముడి కొడుకు పెళ్లికి జ్వరమని ఆగిపోయింది ఇందుకే. మెదక్ చర్చికి గల్లీ అంతా కలిసి పోతే తలనొప్పని పడుకుంది ఇందుకే.

"ఎవ్వరికి చెప్పలే?"

"ఏమని చెప్పాలె? గిది చెప్పుకునే ముచ్చటనా?"

దేవయ్య కుర్చీలో కూర్చుండిపోయాడు. అడిగిన ప్రతివాళ్లతో, మా ఆమెకు ఇల్లు కదలడం ఇష్టముండదని ఇన్నేళ్లూ తనే చెబుతూ వచ్చాడు. సిగ్గుగా అనిపించింది. దానితోపాటు, తనంటే ఇష్టం లేక కాదన్న మాటకు గుండె మీద బరువు కాస్త దిగినట్టూ అనిపించింది. కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాడు.

"శారమ్మా, ఇరవై ఏడేండ్లు స్టీరింగు పట్టిన. గా తిప్పలు డ్రైవర్‌కు తెల్వకుంటే ఇంకెవ్వలికి తెలుస్తది? ఒకపారి తూప్రాన్ దగ్గర ట్రాఫిక్ జామ్ అయింది. బండినిండ మంది. నేను దిగి మక్కచేన్లకు ఉరికిన. ఒక ముసలాయన డ్రైవర్ పారిపోయిండని లొల్లి వెట్టిండు. సగం బండి దిగి నా ఎన్క వచ్చిన్రు."

శారమ్మకు నవ్వాగలేదు. నవ్వి నవ్వి, చప్పున లేచి బాత్రూంకు ఉరికింది. తిరిగి వచ్చాక ఇద్దరూ మళ్లీ నవ్వారు. పిల్లకు చెప్పొద్దని మాత్రం ఒట్టు వేయించుకుంది.

చెప్పొద్దంటే హోటల్ వెతకాల్సింది ఇక దేవయ్యే. ఫోన్లో బొమ్మలు చూస్తే కావలసిన సంగతి తెలియదు. గురువారం భూమన్న బండెక్కి ఒక్కడే పట్నం పోయాడు. బస్టాండు గేటు దాటి సికింద్రాబాద్ వైపు నడిచాడు. దిగిన చోటు నుంచి ఆటోలో పది నిమిషాలకు మించి ఉండకూడదు. చుట్టూ చూడాల్సినవి, కొనాల్సినవి దగ్గరుండాలి. మధ్యలో గదికి వచ్చి పోవడానికి వీలుండాలి. అదీ ఆయన లెక్క.

నాలుగు లాడ్జీలు చూశాడు. ఒకచోట గడప ఎత్తు, ఒకచోట గొళ్లెం బిగుసుకుపోయి తీయడానికి రెండు చేతులూ కావాలి. ఒకచోట బాత్రూం బాగానే ఉంది కానీ మూడు అంతస్తులు మెట్లే. నాలుగోది మెయిన్ రోడ్డు వెనక సందులో చిన్న హోటల్. కింది అంతస్తులోనే గది. దేవయ్య మంచం మీద కూర్చుని, లేచి, బాత్రూం దాకా అడుగులు లెక్కపెట్టాడు. ఆరు. లైటు స్విచ్ మంచం పక్కనే. నల్లా తిప్పాడు, ఫ్లష్ నొక్కాడు, గొళ్లెం రెండుసార్లు వేసి తీశాడు. కౌంటరు దగ్గరి మనిషి రాజేష్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏమన్న ప్రాబ్లమా పెద్దాయనా?"

"ఏం లేదు. మా ఆమెకు బాత్రూం దగ్గర ఉండాలె."

"మా అమ్మకు గూడ అంతే" అన్నాడు రాజేష్ మామూలుగా. "ఈ గదే రాసి పెడత. ఇంకో చెద్దరు, తువ్వాలలు ఎక్కువ పెట్టిస్త."

దేవయ్య అక్కడికక్కడే మూడు రోజులకు గది చెప్పాడు. తిరుగు బస్సుకు ఇంకా టైముంటే మెట్రో స్టేషన్లోకి పోయి, అక్కడ మరుగుదొడ్డి ఎటుందో కూడా చూసి వచ్చాడు.

ఆ తర్వాతి వారం ఒక పొద్దున ఇద్దరూ బోధన్‌లో భూమన్న బండెక్కారు. శారమ్మ కిటికీ పక్క సీట్లో బ్యాగు ఒళ్లో పెట్టుకుని బిగుసుకుని కూర్చుంది. నిజామాబాద్ బస్టాండులో దిగింది, కామారెడ్డిలో దిగింది. రామాయంపేట దాటాక ముఖం మారింది. దేవయ్య ముందుకు వెళ్లి భూమన్న చెవిలో ఏదో అన్నాడు. రెండు కిలోమీటర్లు పోయాక పెట్రోల్ బంకు దగ్గర బండి ఆగింది. "పది నిమిషాలు, చాయ్ తాగేటోళ్లు తాగున్రి" అన్నాడు భూమన్న. శారమ్మ వెనక ఇంకో ఏడుగురు ఆడవాళ్లు దిగారు. అందులో ఒకామె, నవీపేట్ మనిషి, "మంచిగ ఆపిండు అక్కా, పానం మీదికొచ్చింది" అంది. శారమ్మ ఆమె ముఖంలోకి అలాగే చూసింది. ఈ తిప్పలు తన ఒక్కదానివే అనుకుంది ఇన్నాళ్లూ. మిగతా దారంతా ఇద్దరూ ముచ్చట్లే. మేడ్చల్ దగ్గర శారమ్మ సీసా తీసి నీళ్లు కూడా తాగింది.

గదిలోకి రాగానే ఆమె బాత్రూం తలుపు తీసి చూసింది, మంచాన్ని చూసింది, మళ్లీ తలుపును చూసింది. "నువ్వే ఎంచినవా?" అంది.

"మరి లిడియాకు చెప్పద్దంటివి."

ఆ సాయంత్రం జనరల్ బజారులో జాకెట్ అంచులు బేరమాడి కొంది. మధ్యలో ఒకసారి గదికి వచ్చి పోయింది. అంతకు మించి ఏమీ కాలేదు. మరునాడు మెట్రో ఎక్కింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో దేవయ్య ముందుగా మరుగుదొడ్డి ఎటుందో అడిగి వచ్చి నిలబడేసరికి, ఆమె పట్టుచీర అంచు దగ్గర అద్దానికి ముక్కు ఆనించి కుట్టు చూస్తోంది. హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుడి దగ్గరికి పోయే పడవ దగ్గర మాత్రం ఆగిపోయింది.

"నడిమిట్ల వస్తే?"

"పోనికి పావుగంట, రానికి పావుగంట. నీ ఇష్టం. ఇక్కడ కూసున్నా నాకు మంచిగనే ఉంటది."

శారమ్మ ఒకసారి మరుగుదొడ్డికి పోయి వచ్చి పడవెక్కింది. నీళ్ల మీద గాలికి కొంగు ఎగురుతుంటే, బుద్ధుడు దగ్గరవుతుంటే, ఆమె తన ఒంటి సంగతి మరిచిపోయింది. తిరిగి ఒడ్డెక్కాక గుర్తొచ్చింది మరిచిపోయానని. బెంచీ మీద కూర్చుని తనే లిడియాకు ఫోన్ చేసి, పదేళ్ల సంగతి మొత్తం చెప్పింది. అవతల లిడియా మధ్యలో ఆపకుండా విన్నది. తర్వాత, చాలామంది ఆడవాళ్లకు ఉండేదే అమ్మా, కసరత్తులున్నయి, మందులున్నయి, వచ్చే మంగళవారం డాక్టరమ్మ దగ్గరికి పోదాం అంది.

"మంగళవారమైతే సరే" అంది శారమ్మ. "అంతకుముందు వద్దు. రెండు దినాలు ఎక్కువ ఇక్కన్నే ఉంటం."

దేవయ్య అప్పటికే రాజేష్ నంబర్ వెతుకుతున్నాడు.