మెట్ల కింది చెక్కముక్క

ఇన్నేళ్లుగా ఒక చెక్కముక్కను మోస్తున్నాను. అరచేతిలో పట్టేంత ప్లైవుడ్ ముక్క. దాన్ని ఎప్పుడో చెత్తలో పారేశాను. అయినా మోస్తూనే ఉన్నాను. మా ఆవిడకు చెప్పలేదు. ప్రార్థనలో మోకరించి అన్నీ ఒప్పుకునేవాణ్ని, దీని దగ్గరికి వచ్చేసరికి తెలిసీ తెలియక చేసిన పాపాల్లో కలిపేసి దాటేసేవాణ్ని. తెలియక చేసింది కాదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

తొంభైల నాటి మాట. ఖతార్‌లో ఇళ్ల మరమ్మతులు చేసే చిన్న కంపెనీలో పని. నాది గోదావరి జిల్లా. రాజన్నది జగిత్యాల వైపు పల్లె. మేస్త్రీ, నాకంటే పదిహేనేళ్లు పెద్ద. తాపీ పట్టుకోవడం నాకు నేర్పింది అతనే. పనివాళ్ల క్యాంపులో నా పక్క మంచం అతనిదే. మా నాన్న కూడా నన్ను అంతగా నమ్మలేదు.

అబూ హమూర్ అనే పేటలో ఒక విల్లా. వంటింటి పక్క తలుపు ముందు మూడు మెట్లు, మూడూ కలిపి ఒకే కాంక్రీటు దిమ్మగా పోసినవి. ఏసీ నీళ్లు కారి కారి అడుగున మట్టి మెత్తబడింది. దిమ్మ ఒక మూల కుంగి, గోడ నుంచి జానెడు పక్కకు జరిగింది. ఆ ఇంటాయన తల్లి, ముసలావిడ, రోజూ కోళ్లకు గింజలు వేయడానికి ఆ మెట్లే దిగేది.

నలుగురం గడ్డపారలు వేసి దిమ్మను లేపి, గోడ దగ్గరికి జరిపి, ఇటుకల మీద నిలబెట్టాం. రాజన్న మెత్తటి మట్టంతా తోడించి, కంకర, ఇసుక పోయించి, నీళ్లు చల్లి, నేల గట్టిపడేలా దిమ్మిసతో తానే కొట్టాడు. ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. మర్నాడు గురువారం. అతన్ని వేరే చోటికి పంపారు. వెళ్తూ తన రసమట్టం నా చేతికిచ్చి, చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు. మరోసారి దిమ్మిస కొట్టి అప్పుడు దించమన్నాడు. మూల తగ్గితే మళ్లీ లేపి కంకర వేయమన్నాడు. చెక్క మాత్రం పెట్టొద్దన్నాడు.

దిమ్మిస మరోసారి కొట్టి దించాం. రసమట్టం పెట్టి చూస్తే ఒక మూల వేలి మందం తక్కువ. మళ్లీ లేపాలంటే గంటన్నర పని. బయట కంపెనీ బండి హారన్ కొడుతోంది. అక్కడ ఆదివారం డ్యూటీ కదా, మా ఆరాధన శుక్రవారం, మన్సూరాలో ఒకరి ఫ్లాట్‌లో జరిగేది. గురువారం సాయంత్రం పాటల ప్రాక్టీసు. ఆ వారం మొదటిసారి నేనొక్కణ్నే పాడాలి. మూల కాస్త ఎత్తించి, ప్లైవుడ్ ముక్క దూర్చి, సుత్తితో కొట్టాను. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చి నిలిచింది. అంచుల చుట్టూ సిమెంటు పూసేశాను. శుక్రవారం చాలా బాగా పాడానన్నారు.

నిజంగా బండి కోసమేనా? రాజన్న లేకుండా కూడా పని ముగించగలనని అనిపించుకోవాలనే తహతహ లేదా? ఎన్నిసార్లు తవ్వి చూసుకున్నా సమాధానం రోజుకొకటి వస్తుంది. ఏ సమాధానమూ నన్ను కాపాడదు.

నడి వేసవిలో ఆ ముసలావిడ మెట్ల మీద పడింది. కాలు పెట్టగానే మెట్టు ఊగిందట. మణికట్టు విరిగింది. ఇంటాయన కంపెనీకి వచ్చి కేకలేశాడు. కంపెనీ ఇంజనీరు రాజన్ననీ నన్నూ మనుషులతో సహా తీసుకెళ్లి దిమ్మ లేపించాడు. లేవగానే నేనే ముందు చెయ్యి దూర్చాను. చెక్క నానిపోయి, పొరలు పొరలుగా విడిపోయి ఉంది. ఇసుకతో సహా గుప్పిట పట్టి పనిముట్ల సంచిలో వేశాను. ఎవరూ చూడలేదు.

రాజన్న మోకాళ్ల మీద వంగి చాలాసేపు చూశాడు.

“తమ్మీ, ఈడ చెక్క గిట్ల ఏమన్న పెట్టినవా?”

“లేదన్నా. నువ్వు చెప్పినట్టే చేశాను.”

నా ముఖంకేసి చూడనైనా లేదు. అనుమానం ఉంటే కదా చూడటానికి! తన కుడి అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

“గట్లయితే నా దిమ్మిసనే సరిగ్గ పడలే. ఇరవై ఏండ్ల సంది నమ్ముకున్న చెయ్యి. గిదే నన్ను మోసం జేసింది.”

ఇంజనీరు అడిగితే తప్పు తనదేనని రాజన్నే ఒప్పుకున్నాడు. వారం తిరక్కుండా వీసా క్యాన్సిల్ చేసి పంపేశారు. వెళ్లే రోజు రసమట్టం తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు. ఇక తనకెందుకన్నాడు. నా చెయ్యి మంచిదన్నాడు. నేను తీసుకున్నాను. ఎలా తీసుకోగలిగానో ఇప్పటికీ అర్థం కాదు. దాన్ని పట్టుకునే ఫోర్‌మన్ దాకా ఎదిగాను.

కొన్నేళ్లకు వాళ్ల ఊరివాడొకడు క్యాంపులో కలిశాడు. ఖతార్ నుంచి వచ్చాక రాజన్న తాపీ ముట్టలేదట. ఎవరైనా ఇల్లు కట్టమని పిలిస్తే తన చేతిని నమ్మొద్దనేవాడట. సొంత ఇంటి గోడ బీటలిస్తే వేరే మేస్త్రీని పిలిపించాడట. అది విన్న రోజైనా ఒక ఉత్తరం రాసి ఉండాల్సింది. అడ్రసు కూడా ఆ మనిషే ఇచ్చాడు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఉతుకులో పోయిందని నాకు నేనే చెప్పుకున్నాను. పోనిచ్చాను.

పోయిన నెల రాజన్న చనిపోయాడని తెలిసింది. అందుకేనా ఇప్పుడు రాస్తున్నాను, ఇక నిలదీసేవాడు లేడనేనా? అయ్యుండొచ్చు. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీరు చేయగలిగిన పని కాదు. చేయగలిగినవాడు తన చేతిని తప్పుపట్టుకుంటూనే పోయాడు. ఇది రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. దానికి కూడా సిగ్గేస్తోంది.

రాజన్నా, నీ దిమ్మిస సరిగ్గానే పడింది. చెక్క పెట్టింది నేను. తీసి దాచిందీ నేనే.