కంచు నట్లు

మా ఊరి పేరు చెప్పను. చెబితే మా చర్చి కమిటీవాళ్లు నా మీదికి దండెత్తుతారు. వాళ్లకి నేను భయపడేదేమీ లేదు గాని, ఊరి పరువు తీశానని మా పెద్దమ్మ నన్ను తిడుతుంది. ఆ తిట్లకి మాత్రం భయమే. నరసన్నపేటకీ టెక్కలికీ మధ్యన ఉన్న ఊరు అనుకోండి, చాలు.

మా పెద్దమ్మ పేరు కృపారాణి. మా అమ్మకి అక్క. మిషనాసుపత్రిలో నర్సుగా చేరి, ఆ ఆసుపత్రి మూతపడేదాకా అక్కడే పనిచేసింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లకి ఇచ్చిన జవాబులు ఇక్కడ రాయడానికి కుదరదు. నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుందంటారు. మా పెద్దమ్మ నోరు ఎంత చెడ్డదైనా ఊళ్లో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆ చేతులే. అందుకని పడేవాళ్లు పడుతూనే ఉంటారు.

ఆవిడ దగ్గర ఒక పాత ల్యాండ్‌మాస్టర్ కారు ఉంది. ఆసుపత్రి పెట్టిన డాక్టరమ్మగారిది. ఆవిడ తన దేశం వెళ్లిపోయేముందు మా పెద్దమ్మకి డ్రైవింగు నేర్పి, తాళంచెవి చేతిలో పెట్టి, "కాన్పు ఆగదు, కారు ఆగకూడదు" అని చెప్పి వెళ్లిందట. ఆ రోజుల్లో ఈ చుట్టుపట్ల వేరే బండేదీ? వంశధార అవతల నుంచీ, కొండ కింది పల్లెల నుంచీ నొప్పులొచ్చిన ఆడవాళ్లని పెద్దమ్మ ఆ కార్లోనే తెచ్చేది. ఆసుపత్రిదాకా ఆగని పిల్లలు వెనక సీటు మీదే పుట్టేవారు. మా చర్చి కమిటీ సెక్రటరీ బెన్హర్ అలా పుట్టినవాడే. ఏటి గట్టు మీద, జోరువానలో, ఆ వెనక సీటు మీద పుట్టాడు. ఇది రహస్యమేమీ కాదు, వాళ్లమ్మ పద్మకుమారి ఊరందరికీ చెప్పింది. అందుకే తర్వాత వాడు చేసినదానికి నాకు అంత ఒళ్లు మండింది.

హుద్‌హుద్ తుఫానుకి ఆసుపత్రి షెడ్డు రేకులు లేచిపోయాయి. పెద్దమ్మ కారుని తన పెరట్లోకి తోలుకొచ్చి తాటాకు పందిరి వేయించింది. అప్పటిదాకా ఆ కారు సంగతి పట్టని కమిటీకి ఒక్కసారిగా గుర్తొచ్చింది. అది చర్చి ఆస్తి అన్నారు. అమ్మేద్దామన్నారు. పాతినుము కొట్టువాడు వచ్చి, కారు చుట్టూ తిరిగి, తలుపు మీద వేళ్లతో కొట్టి చూసి నవ్వి వెళ్లాడు. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకన్నట్టు, పెద్దమ్మకి కమిటీ మీదకన్నా వాడి నవ్వు మీదే ఎక్కువ కోపం వచ్చింది.

ఆవిడ నేరుగా కమిటీ మీటింగుకి వెళ్లింది. నేనూ వెంట వెళ్లాను. బెన్హర్ పెద్ద మనసు చేసుకున్నట్టు మొహం పెట్టాడు. మా వైపు అక్క వరసవాళ్లని అప్పా అంటారు.

"అప్పా, నడిసే బండైతే నీ కాడే ఉంచుతాం. నడవనిదైతే అది బండేటి, ఇనుము. కోతపండగనాడు తనంతట తాను నడిసి చర్చి గేటులోకి రావాల. రాకపోతే వేలంలో ఎట్టేస్తాం."

మా చర్చిలో కోతపండగంటే అదే. ఎవరి పంటలో తొలి భాగం వాళ్లు తెస్తారు. గుమ్మడికాయలు, అరటిగెలలు, కోళ్లు, బస్తా ధాన్యం. ఆరాధన అయ్యాక పందిట్లో వాటిని వేలం పాడతారు. ఆ డబ్బు చర్చికి. డాక్టరమ్మగారి కారుని కోడిపెట్ట పక్కన నిలబెట్టి పాడతాడట! ఏరు దాటాక తెప్ప తగలేసేవాళ్లని చూశాం గాని, ఆ తెప్ప మీదే పుట్టి దాన్ని తగలేసేవాడిని అప్పుడే చూశాను.

"వస్తాది. నడిసే వస్తాది. నువ్వు గేటు తీసి ఉంచు," అని పెద్దమ్మ లేచి వచ్చేసింది.

అన్నదిగాని కారు అప్పటికి విప్పి పడి ఉంది. ఇంజను నుంచి పొగ గొట్టం మొదలయ్యే చోట పొగ కారుతోందని ఒక మెకానిక్కుని పిలిచింది. అక్కడ ఇత్తడి నట్లుంటాయి. ఆ వేడికి ఇనప నట్లయితే తుప్పు పట్టి బోల్టుని కరుచుకుపోతాయి, తర్వాత ఊడదీస్తే బోల్టే విరుగుతుంది. అందుకని ఇత్తడి. మెకానిక్కు పాత నట్లు విప్పి పారేసి, జేబులోంచి కొత్త ఇనప నట్లు తీసి ఎక్కించబోయాడు. ఆ కారు మరలు అంగుళాల కాలం నాటివి, ఇప్పటి నట్లకి కుదరవు. మొదటి నట్టే సగం ఎక్కి బిగుసుకుపోయింది. "అదే ఎల్లిపోద్దమ్మా," అంటూ వాడు పానా మీద కాలేసి తొక్కబోయాడు. పెద్దమ్మ పానా లాక్కుని వాడిని వీధి చివరిదాకా తరిమింది. కళ్లారా చూశాను కాబట్టి చెప్తున్నాను.

పాత నట్లలో ఒక్కటే మిగిలింది, కింద రేకులో పడి. దాన్ని కొంగున కట్టుకుని శ్రీకాకుళం, విజయనగరం తిరిగాం. ఏ కొట్లో చూపించినా ముందు నట్టుని చూసేవారు, తర్వాత మా ఇద్దరి మొహాలు చూసేవారు. ఒకాయన చిరునవ్వుతో సలహా కూడా ఇచ్చాడు.

"ఇలాంటివి ఇప్పుడు రావండి. కారే మార్చేయండమ్మా."

"నీ పన్నూడితే తలకాయ మారుస్తారేటి?" అంది పెద్దమ్మ.

కొట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. బస్సులో వస్తున్నంతసేపూ ఆ నట్టుని గుప్పిట్లో పట్టుకునే కూర్చుంది. నరసన్నపేట దగ్గరపడుతుంటే హఠాత్తుగా, "దిగవే రూబీ, బుడితి ఎల్దాం," అంది.

బుడితిలో ఇత్తడి, కంచు సామాను పోతపోస్తారు. అక్కడి నూకయ్య మాకు తెలిసినవాడే. అతని భార్యకి బిడ్డ అడ్డం తిరిగినప్పుడు ఈ కార్లోనే ఆసుపత్రికి తెచ్చి ఇద్దరినీ బతికించింది పెద్దమ్మ. అతను ఆవిడని చూడగానే కొలిమి దగ్గర్నుంచి లేచి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు.

"అమ్మా! ఏటిలాగొచ్చినావు? కబురెడితే నానే రానా?"

"సుట్టరికానికి రాలేదురా. ఇలాటియి పోసి ఇయ్యాల. అచ్చం ఇలాగే. కోతపండక్కి ముందే. తేడా వస్తే నీ తాట తీస్తాను."

"తేడా ఎందుకొస్తాదమ్మా? నీ బండికి నాను పోస్తే తేడా వస్తాదా?" అన్నాడతను. అతని మొహం వెలిగిపోయింది. ఇత్తడి పోయమని పెద్దమ్మ చెప్పలేదు. చేతిలో పెట్టింది ఇత్తడిదే కదా, ఇంకేం చెప్పాలి?

పోత ముక్కలు వచ్చాయి. మర కోసే పనిముట్టు డాక్టరమ్మగారు కారుతోపాటు వదిలివెళ్లిన పెట్టెలోనే ఉంది. దాన్ని తీసుకుని టెక్కలి లేతు మిషనతని దగ్గరికి వెళ్లాం. అతను కోస్తూ కోస్తూ ఆగి, "అమ్మా, ఇది బాగా బిరుసుగా ఉన్నాది," అని ఏదో చెప్పబోయాడు. "నీ పని నువ్వు సూడు," అంది పెద్దమ్మ. అతను నోరు మూసుకుని కోశాడు. ఆవిడ నోటికి జడిసి ఈ జిల్లాలో ఎంతమంది ఎన్ని నిజాలు మింగేశారో దేవుడికే తెలియాలి.

కోతపండగ ఆదివారం. శనివారం నాడు బిగించడానికి కూర్చుంది. తన నట్లు బండికెక్కడం చూడాలని నూకయ్య ఉతికిన పంచె కట్టుకుని వచ్చాడు. నట్లు తళతళలాడుతున్నాయి. వేలితో తిప్పితే నున్నగా ఎక్కాయి. పెద్దమ్మ మొహంలో నవ్వు లాంటిది కూడా కనిపించింది. పానా వేసి బిగించింది. టిక్కుమంది. నట్టు రెండు చెక్కలైంది. రెండోది బిగించింది. అదీ అంతే.

పెద్దమ్మ ఆ ముక్కని అరుగు రాతి మీద పడేసింది. ఖంగుమని మోగింది. మోగగానే ఆవిడకి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఇత్తడి అలా మోగదు, అలా పగలదు కూడా.

"ఒరే నూకయ్యా, ఇది కంచు కదరా!"

"కంచేనమ్మా. మేలైన కంచు."

"కంచు ఎవడడిగినాడ్రా నిన్ను? పాతది ఇత్తడి కాదా? కళ్లు దొబ్బినాయా?"

నూకయ్య తెల్లబోయాడు. "ఇత్తడని తెలుసమ్మా. తెలిసే కంచు పోసినాను. అల్లుడొస్తే కంచు కంచంలో బువ్వెడతాం. ఇత్తడి సెంబు కాళ్లు కడుక్కోడానికి ఇస్తాం. నా పెళ్లాన్ని, పిల్లోడిని బతికించిన బండికి కాళ్లకాడ సెంబులాగ ఇత్తడెలా పొయ్యమంటావు? నాకు మనసొప్పలేదు."

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆ రోజు చూశాను. పానా విసిరేసింది. అది మొక్కలు పెంచే డబ్బాకి తగిలింది. "ఎల్లిపో! నా కళ్లెదట ఉండకు. రేపు నా బండి పాతినుములోకి పోతాది, నీ మనసు సల్లగుంటాది. ఎల్లు!" అంది. అతను తలొంచుకుని వెళ్లిపోయాడు. మంచినీళ్లు కూడా తాగలేదు.

నాకు ఆగలేదు. "ఆయన మీద ఎందుకరుస్తావు పెద్దమ్మా? మర్యాద ఎక్కువ చేసినవాడి మీద ఇంత నోరా? తిన్నింటి వాసాలు లెక్కెట్టేవాడు చర్చిలో ఉన్నాడు. దమ్ముంటే వాడి మీద చూపించు!" అని నేనూ అరిచాను.

ఆవిడ నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. కళ్లు తుడుచుకుంది. మా పెద్దమ్మ ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. "తెల్లారనీయ్, సూపిస్తాను," అంది.

ఆదివారం పొద్దున్న పొగ గొట్టాన్ని ఇంజనుకి బైండింగు వైరుతో చుట్టి చుట్టి కట్టింది. తెల్లచీర కట్టుకుంది. బైబిలు నా ఒళ్లో పెట్టి తాళం తిప్పింది. అబ్బ, ఆ చప్పుడు! కట్టు ఎక్కడ నిలుస్తుంది? వీధి మలుపు తిరగకుండానే గొట్టం వదులైపోయింది. ఇక ఇంజను గొంతు విప్పి అరవడం మొదలెట్టింది. కుక్కలు పరిగెత్తాయి. జనం గుమ్మాల్లోకి వచ్చారు. పెద్దమ్మ అటూ ఇటూ చూడకుండా నడిపింది.

మేము వెళ్లేసరికి ఆరాధన అయిపోయి వేలం నడుస్తోంది. బెన్హర్ ఒక కోడిపెట్టని చంకలో పెట్టుకుని పాడుతున్నాడు. గేటు మూసే ఉంది. నేను దిగి తీశాను. ఆ అరుపుతో కారు పందిరి ముందుకొచ్చి ఆగింది. కోడిపెట్ట చంకలోంచి ఎగిరిపోయింది. పాతినుము కొట్టువాడు ముందు వరసలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"నడిసొచ్చింది. సూసుకో," అంది పెద్దమ్మ.

బెన్హర్ మొహం మాడ్చుకున్నాడు. "ఇదేటప్పా, ఇది నడవడమా? గొట్టం ఊడి ఏలాడతన్నాది. ఇలాటి బండి రోడ్డెక్కితే పోలీసులు పట్టుకుంటారు. ఇది నడిసే బండి కాదు. కమిటీ మాటంటే మాటే." పందిరివైపు తిరిగి, "పాట మొదలెడతన్నాం," అన్నాడు.

నాకు చెప్పు తియ్యాలనిపించింది. దేవుడి సన్నిధి కాబట్టి ఆగాను. పెద్దమ్మ స్టీరింగు వదల్లేదు.

అప్పుడు ఆడవాళ్ల వరసలోంచి పద్మకుమారి లేచింది. బెన్హర్ తల్లి. మోకాళ్ల నొప్పులతో ఎవరైనా పట్టుకుంటేగాని నడవదు. ఎవర్నీ పట్టుకోనివ్వలేదు. కర్ర పొడుచుకుంటూ కారు దగ్గరికి వచ్చింది. వెనక తలుపు తీసింది. లోపలికి ఎక్కి, సీటు మధ్యలో కూర్చుని, కర్ర ఒళ్లో పెట్టుకుంది.

"అమ్మా, దిగు. ఏటిది?" అన్నాడు బెన్హర్.

"పాట మొదలెట్టరా."

"అమ్మా..."

"మొదలెట్టు! గుమ్మడికాయ పాడినావు, కోడిపెట్టని పాడినావు. నిన్ను కన్న సీటు మీద కూకున్నాను. సీటుకెంతో, నాకెంతో, ఇడివిడిగా సెప్పు. ఎవడు పాడతాడో సూస్తాను."

ముసలమ్మలందరూ పాతినుము కొట్టువాడి వైపు తిరిగి చూశారు. వాడు కుర్చీ వెనక్కి జరిపి, ఎవరికో ఫోను చేస్తున్నట్టు గేటు దాటాడు. బెన్హర్ చేతిలోని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పాస్టరుగారు లేచి, "ప్రార్థన చేసుకుందాం," అన్నారు. ఆయనకి అంతకన్నా ధైర్యం ఎప్పుడూ లేదు.

ఆ కారు ఇవాళ్టికీ పెద్దమ్మ పెరట్లోనే ఉంది. బెన్హర్ కూడా ఇవాళ్టికీ సెక్రటరీయే. తల్లి నోట అంత మాట పడ్డాక ఇంకొకడైతే మానుకునేవాడు. నాకు వాడి మీద కోపం తగ్గలేదు, తగ్గించుకోమని ఎవరూ నాకు చెప్పొద్దు.

కోతపండగ మర్నాడు నూకయ్య వచ్చాడు. అరుగు ఎక్కలేదు. కిందనే నిలబడి గుడ్డమూట విప్పి చూపించాడు.

"ఈసారేటి పోసినావు, బంగారమా?" అంది పెద్దమ్మ.

"ఇత్తడేనమ్మా. పోస్తన్నంతసేపూ నాకు సిగ్గేసింది."

ఆ ముక్కలకి మర కోయించుకుని వచ్చి, మధ్యాహ్నానికి పెద్దమ్మ తనే బిగించింది. ఒక్కటీ పగల్లేదు. ఇంజను మామూలు గొంతుతో పలికింది. నూకయ్య వెళ్లొస్తానని లేచాడు. పెద్దమ్మ అతన్ని చూడకుండానే, "కూకో," అని లోపలికి వెళ్లింది. ఇత్తడి చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్లు కడుక్కోమని ఇచ్చింది. తర్వాత అటక మీంచి మా అమ్మమ్మ నాటి కంచు కంచం దింపి, చింతపండు పెట్టి తోమి, అందులో అన్నం వడ్డించి అతని ముందు పెట్టింది.

నూకయ్య కంచం వైపు చూస్తూ ఉండిపోయాడు. చెయ్యి పెట్టలేదు.

"సూస్తావేటి? తిను, ఎదవా," అంది పెద్దమ్మ.