పలక మీద లేని హౌజు

చార్మినార్ నాలుగు ముఖాలూ ఒకే కొలత. ఒక్కో వైపు ఒక్కో కమాను, నాలుగు మూలలా నాలుగు మినార్లు, పైకి వెళ్ళడానికి నూట నలభై తొమ్మిది మెట్లు. ఇవన్నీ నాకు ఆ ఊరు చూడకముందే తెలుసు. మద్రాసులో ఓవర్సీరు చదువు చదివేటప్పుడు మా డ్రాయింగు పుస్తకంలో దాని ప్లాను ఉండేది. మూడుసార్లు ట్రేసింగు కాగితం మీద దించాను.

ఆ ఏడాది మా క్లాసును హైదరాబాదు తీసుకుపోతున్నారని నాయనకు కార్డు రాశాను. కార్డు మార్కాపురం చేరింది, నేను హైదరాబాదు చేరలేదు. బయలుదేరే ముందురోజే ఆటలమ్మ పోసింది. సెలవులకు ఇంటికి వచ్చేసరికి, నాయన పనిచేసే పలకల కార్ఖానాలో అందరి దృష్టిలో నేను చార్మినార్ చూసిన మనిషిని. చూడలేదని చెప్పడానికి మొదటి రోజు సందర్భం దొరకలేదు. రెండో రోజుకు అవసరం లేదనిపించింది.

"ఏం ఇంజనీరూ, చార్మినార్‌కు చట్రం బిగించాలంటే ఎంత చెక్క పడుద్దో లెక్క కట్టినావా?" అన్నాడు రాయి చీల్చే ఒకాయన. అందరూ నవ్వారు. నేను నవ్వకుండా నేల మీద సుద్దతో గుణించి, అడుగుల్లో చెప్పాను. దాంతో ఇంకా నవ్వారు.

నవ్వనిది ఒక్కడే. గోడవారగా కూర్చుని పలకలకు చెక్క చట్రాలు బిగించే సాయిబు. చిన్నప్పటి నుంచీ నేను ఆయన్ని మామా అనే పిలుస్తాను.

"నిజంగా చూసినావా అల్లుడా?"

"చూసినాను మామా."

ఆయన అక్కను నిజాం రాజ్యంలో ఇచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆపా అంటాడు ఆమెను. అప్పటి నుంచి అక్కాతమ్ముళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. భర్త పోయాక ఆమె కూతురి దగ్గర, హైదరాబాదు అవతల ఏదో పల్లెలో ఉంటోంది. ఆపా అల్లుడికీ, మా సాయిబు మామ వాళ్ళకూ పాత తగాదా ఒకటుంది, ఆయన గడప వీళ్ళు తొక్కకూడదు. ఇప్పుడు ఆపాకు రెండు కళ్ళూ మసకబారాయి. చూపు పూర్తిగా పోకముందు తమ్ముడి మొహం ఒక్కసారి చూడాలని ఉత్తరం రాయించింది. వచ్చే నెల ఫలానా బేస్తవారం అల్లుడు తనను పట్నం తీసుకొస్తాడట. చార్మినార్ దగ్గర, నీళ్ళ హౌజు పక్కన, పడమటి కమాను కింద గుర్రబ్బండి ఆపుకొని మధ్యాహ్నం నమాజు వేళ నుంచి చూస్తుంటామని ఆ ఉత్తరం.

మామ ఒక పలక తీసి నా ముందు పెట్టాడు. "గీసి చూపించు అల్లుడా, మా ఆపా యాడ నిలబడుద్దో."

స్కేలు పెట్టి గీశాను. నాలుగు కమాన్లు, నాలుగు మినార్లు, ఉత్తరం చూపించే బాణం.

"హౌజు యాడ?"

నా పుస్తకంలో హౌజు లేదు. "హౌజు లేదు మామా."

"ఆపా రాయించిందే?"

"పాతకాలంలో ఉండిందేమో, పూడ్చేసి ఉంటారు. నేను నాలుగు దిక్కులా తిరిగి చూసినాను కదా." అని, పడమటి కమాను ముందు ఇంటూ గుర్తు పెట్టాను.

మామ దానికి మంచి టేకు చట్రం బిగించాడు. గీతలు చెరిగిపోకుండా ఇంకో పలకను దాని మొహానికి మొహం పెట్టి దారంతో కట్టాడు. మా ఊరి నుంచి పలకలు అట్లాగే కట్టి పంపుతారు. నువ్వు తోడు రావాలి అని ఆయన అడిగినప్పుడు వెంటనే సరేనన్నాను. ఈ విధంగానైనా చూసేస్తే నేను చెప్పింది నిజమైపోతుందనుకున్నాను.

ద్రోణాచలంలో బండి మారి కర్నూలు మీదుగా వెళ్ళాం. పెట్టెలో ఎక్కిన ప్రతివాడికీ మామ చెప్పాడు, "మా అల్లుడు ముందే చూసినాడు, ప్లాను గూడా గీసినాడు" అని. కాచిగూడలో దిగి టాంగా ఎక్కాం. తూర్పు సందుల్లోంచి పోతుంటే మామ టాంగావాణ్ణి ఏదో అడగబోయాడు. "అడగొద్దు మామా, కొత్తోళ్ళమని తెలిస్తే తిప్పుతారు" అన్నాను. ఆయన భాషా టాంగావాడి భాషా ఒకటే. ఒక్క మాట అడిగితే సరిపోయేది. నా మాట మీద ఆయన నోరు మూసుకున్నాడు.

చార్మినార్ ముందు చౌకులో గాజుల దుకాణాలు, మల్లెపూల తట్టలు, గుర్రపు లద్దె వాసన. మామ కట్టు విప్పి పలక చూసుకుని, పడమటి కమాను ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఉతికిన పైజామా, కొత్త టోపీ. మధ్యాహ్నం నమాజుకు పక్కనే మసీదు ఉన్నా వెళ్ళలేదు, అక్కడే కమాను నీడన చేసుకున్నాడు. ఆయన నెత్తిన గోడ మీద పెద్ద గడియారం ఉంది.

చూడవలసినవి పదకొండు నా నోటుబుక్కులో రాసుకుని వచ్చాను. "పైకి పోయి వస్తా మామా" అని మెట్లెక్కాను. నూట నలభై తొమ్మిది. సరిపోయాయి. పైన ఉత్తరం వైపు కిటికీలోంచి చూశాను.

వంద గజాల దూరంలో, రోడ్డు మధ్యన, గుండ్రంగా నీళ్ళ హౌజు. దాని చుట్టూ నాలుగు దిక్కులా వేరే నాలుగు కమాన్లు. పడమటి కమాను కింద ఎర్ర తెర కట్టిన గుర్రబ్బండి. మేం నిలబడిన చోటికి చార్మినార్ మూల, దుకాణాల వరస అడ్డం.

కిందికి వచ్చేసరికి గడియారంలో రెండు దాటి పది నిమిషాలు.

"ఏం కనపడింది అల్లుడా?"

"ఊరంతా కనపడింది."

"బండి?"

"శానా బండ్లున్నాయి మామా."

అందులో అబద్ధం లేదు. "ఉత్తరం వైపు ఒకసారి తిరిగొద్దామా?" అన్నాను.

"వద్దు. నువ్వు గుర్తు పెట్టింది ఈడనే గదా? నేను కదిలితే ఆపా వచ్చి ఎతుక్కుంటది. కళ్ళు గూడా ఆనవు దానికి."

ఏం చెప్పాలో మనసులో వరసగా పేర్చుకున్నాను. ఒకటి, హౌజు ఈమధ్య కట్టినట్టున్నారు. రెండు, పోయినసారి వచ్చినప్పుడు మరమ్మతులో ఉండింది. మూడు, పుస్తకంలో తప్పు పడింది. నేనీ ఊరు ఎప్పుడూ చూడలేదు మామా అన్న మాట మాత్రం వరసలో పెట్టలేదు. గడియారంలో రెండున్నర అయింది, మూడు అయింది, మూడుంపావు అయింది. మామ ప్రతి తెర బండికీ మునివేళ్ళ మీద లేచి చూసి, మళ్ళీ మడమలు ఆనించాడు. "దోవలో ఆలస్యమై ఉంటది పాపం" అని నాకే ధైర్యం చెప్పాడు.

సాయంత్రం నమాజుకు అజాను వినిపించాకే నోరు తెరిచాను. "మామా, హౌజు ఉంది. అటు."

ఆయన పలక చంకన పెట్టుకుని పరుగెత్తాడు. కమాను కింద బండి లేదు. అక్కడ పూలమ్మేవాణ్ణి మామ తమ భాషలో అడిగాడు. వాడు చెప్పింది నాకూ అర్థమైంది. ఒక ముసలావిడ మధ్యాహ్నం నుంచి ఇక్కడే ఉంది. బండి దిగి, వచ్చేపోయే మగవాళ్ళ దగ్గరకల్లా పోయి, మొహంలో మొహం పెట్టి చూసింది. ఒకరిద్దరు కసిరారు కూడా. అరగంట కిందట ఆమె అల్లుడు విసుక్కుని బండి కట్టించాడు.

మామ కమాను దాటి రోడ్డు చీలే దాకా పోయి, తిరిగి వచ్చాడు.

"హౌజు ఉందని నీకెట్ల తెలిసింది అల్లుడా?"

"పైనుంచి చూసినాను."

"ఎప్పుడు?"

"రెండు దాటి పది నిమిషాలకు."

"ముందోతూరి వచ్చినప్పుడు చూడలేదా?"

"ముందు రాలేదు మామా."

ఆయన హౌజు గట్టు మీద కూర్చుని, దోసిళ్ళతో మొహం కడుక్కున్నాడు. "నీళ్ళు సల్లగుండాయి, నువ్వూ కడుక్కో" అన్నాడు. తిట్టి ఉంటే ఈ పాటికి మరిచిపోయేవాణ్ణేమో.

మార్కాపురంలో అందరికీ మా రైలు ఆలస్యమైందని మామ చెప్పాడు. ఆపా మళ్ళీ రాలేదు. అల్లుడు ఒప్పుకోలేదట.

వారం తర్వాత కార్ఖానాకు వెళితే మామ ఆ పలక నా చేతికిచ్చాడు. "హౌజు గీయి అల్లుడా. ఇంకెవురన్నా ఇది పట్టుకొని పోతారేమో."

అందరి ముందూ కూర్చుని గీశాను. ఉత్తరాన వంద గజాలు, గుండ్రంగా. చుట్టూ నాలుగు కమాన్లు. పాత ఇంటూ గుర్తు తుడిచి కొత్తది పెట్టాను. రాయి చీల్చేవాళ్ళు పని ఆపి చుట్టూ చేరారు.

"ఏంది ఇంజనీరూ, ఇంత పెద్ద హౌజు మొదట గీయలేదేంది?" అన్నాడు ఒకడు.

"మర్సిపోయినాడు లేరా" అన్నాడు మామ, చట్రానికి మేకు కొడుతూ, తలెత్తకుండా.

నాయన నా వైపు చూశాడు.

"అవును, మర్చిపోయినాను" అన్నాను.