ఎండకు చూపించాల్సిన చెయ్యి

మా మిరపకాయల కళ్లంలో రెండేళ్లపాటు నేను చీరమీద మా ఆయన ఫుల్ చేతుల చొక్కా వేసుకునే కూర్చున్నాను. ఎండకు ఆడవాళ్లందరూ వేసుకునేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. నా కుడి మణికట్టు నుంచి మోచేతి దాకా తెల్లమచ్చ పాకిందని ఇంట్లోవాళ్లకే తెలుసు. బొల్లి అన్న మాట మా అత్తగారి నోట వచ్చేది కాదు. "చొక్కా చెయ్యి దించుకో అమ్మాయ్, కూలోళ్లు చూస్తారు" అనేది, అంతే. రంగుపోయి తెల్లబడ్డ తాలు కాయల్ని ఏరి పక్కన పడేస్తూ, నా తెలుపు దాచుకోవాల్సి వస్తే నాకు ఒళ్లు మండేది.

గుంటూరు డాక్టరు గారు సీసా ఇచ్చి చెప్పిన దాంట్లో సగమే అర్థమైంది. ఆ మందు ఊరికే రాస్తే ఏమీ చేయదట, ఎండ తగిలితేనే పనిలోకి దిగుతుందట. వెంట్రుకల మొదళ్లలో రంగు తయారుచేసే కణాలు ఇంకా మిగిలే ఉన్నాయట, మందూ ఎండా కలిస్తే అవి కదిలి పైకి వస్తాయట. పుట్టినప్పటినుంచీ ఎండలోనే ఉన్నాను గదా, మరి ఇన్నాళ్లూ అవేం చేస్తున్నట్టు? పైగా కాయ ఎక్కువ ఎండితే రంగు దిగిపోతుంది. కాయకు రంగు దించే ఎండ చేతికి రంగెలా తెస్తుంది? అడగడానికి మొహమాటపడ్డాను.

"కాసేపే సుమా" అన్నారాయన. కాసేపటికే వస్తే ఎక్కువసేపుంటే ఇంకా త్వరగా రాదా అనుకుని, డాబా మీద నీళ్ల ట్యాంకు చాటున కూర్చుని, కింద కళ్లంలో కాయలతోపాటు నేనూ ఎండాను. చెయ్యి బొబ్బలెక్కింది.

"మిరపకాయలనుకున్నావా అమ్మా, గలగలమనేదాకా ఎండబెట్టడానికి?" అన్నారు డాక్టరు గారు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

బొబ్బలు మానాక, ఆయన సరేనంటే మళ్లీ మొదలుపెట్టాను. కొన్నాళ్లకు మచ్చలో మిరపగింజలంత చామనచాయ చుక్కలు లేచాయి. డాక్టరు గారు సంబరపడ్డారు. నాకేమో భయమేసింది. నిన్నటిదాకా ఒక్కటే మచ్చ, ఇప్పుడు చెయ్యంతా చుక్కలు. తగ్గడమంటే ఇదా? అత్తగారికి చూపిస్తే చాలాసేపు వేలితో తడిమి, "ఇందులో కొత్తవి ఏవి? నల్లవా, తెల్లవా?" అంది. నల్లవేనన్నాను.

మర్నాడు కళ్లంలో కాయలు ఏరుతున్నాం. మందు రాసుకునే వచ్చాను కాబట్టి డాబా మీదికి వెళ్దామని లేచాను.

"ఎక్కడికి? ఇక్కడ లేదా ఎండ?" అంటూ అత్తగారు అందరి ముందూ నా చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచేసింది. ఏరుతున్నవాళ్లంతా ఆగి చూశారు. నా పక్కన కూర్చున్నామె, "అక్కా, ఇది తగ్గుతుందా, ఎక్కువవుతుందా?" అంది. నిజానికి నాకే తెలియదు. అత్తగారివైపు చూశాను.

"బొల్లి. తగ్గుతోంది" అంది ఆవిడ, తాలు కాయలు ఏరుతూనే.

నాకు వచ్చింది సిగ్గో సంతోషమో తేల్చుకోలేకపోయాను. చెయ్యి మాత్రం ఎండలోంచి తీయలేదు. కాసేపయ్యాక ఆవిడే తలెత్తింది.

"చాల్లే, కడుక్కుని చొక్కా చెయ్యి దించుకో అమ్మాయ్. మళ్లీ కాలుద్ది."