మూడో పలక

తెనాలిలో రేపల్లె రైలుకట్ట పక్కన మాకో రేకుల షెడ్డు ఉండేది. ఎనభైల చివర్లో మా ఆయనా నేనూ అందులో పోత ఇనుప పలకలు చదును చేసేవాళ్లం. వాటి మీద డైమండ్ పేస్టు రాసి వడ్రంగులు ఉలులూ చిత్రిక బ్లేడులూ నూరుకునేవారు. పలక ఏమాత్రం ఎగుడుదిగుడుగా ఉన్నా ఉలి అంచు పాడయ్యేది. పలక తెచ్చి మా మొహాన కొట్టేవారు.

పలకల్ని మూడేసి చొప్పున ఒకదానితో ఒకటి రుద్దుతాం. రెండే అయితే ఒకటి గుంటపడి, ఇంకొకటి ఉబ్బి, ఆలుమగల్లా సర్దుకుపోయి మనల్ని నమ్మిస్తాయి. మూడోది వస్తేగాని గుట్టు బయటపడదు. ఒకదానికి నీలం రంగు పూసి ఇంకొకదాని మీద ఆనిస్తే, రంగు అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు. అక్కడ గీకాలి.

మా ఆయన కబుర్లు చెబుతూ మూడో పలక కుడి మూల అరచెయ్యి ఆనించేవారు. ఒంటి వేడికే ఇనుము అక్కడ ఉబ్బుతుంది. చల్లారేదాకా పని ఆగేది. నాకు ఒళ్లు మండేది, అయినా పైకి ఏమీ అనేదాన్ని కాదు.

ఆయన గుండెపోటుతో పోయాక బాపట్ల నుంచి మా అన్నయ్య వచ్చి, షెడ్డు ఖాళీ చేసి తనింటికి వచ్చెయ్యమన్నాడు. వదిన చేతి కింద బతకడం నా వల్ల కాదు. సగంలో ఉన్న మూడు పలకలూ నేనొక్కదాన్నే పూర్తిచేసి అమ్మగలిగితే ఇక్కడే ఉంటాను, లేకపోతే వస్తానన్నాను.

రోజూ సాయంత్రానికి మూడో పలక చదునయ్యేది. పొద్దున్నే షెడ్డు తీసి రంగుతో చూస్తే కుడి మూల అరచెయ్యంత మేర ఎత్తు. గీకేదాన్ని. మర్నాడు మళ్లీ అక్కడే. రేకుల్లోంచి ఎండ పడుతోందేమోనని గోనె కప్పాను, లాభం లేకపోయింది. పలకలు పోత పోసిన పెద్దాయన్ని పిలుచుకొచ్చి చూపిస్తే, "కొత్తగా పోసిన పచ్చి ఇనుం కదలక మానదమ్మాయ్" అన్నాడు. అవి పచ్చివి కావని, రెండు వానాకాలాలు మా పెరట్లో ఎండకీ వానకీ ఉండి కుదురుకున్నవేనని చెప్పాను. ఆయన ఆ మూల తాకి, గబుక్కున చెయ్యి తీసేసుకున్నాడు. టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

దయ్యాలను మా చర్చిలో ఒప్పుకోరు. నేనూ ఒప్పుకునేదాన్ని కాదు. భయపడుతూనే చెయ్యి పెట్టాను. మిగతా పలకంతా చల్లగా ఉంది, అక్కడ మాత్రం వెచ్చగా ఉంది.

అన్నయ్య మళ్లీ వస్తానన్న ఆదివారం దగ్గరపడింది. భయం పోయి కోపం వచ్చింది. ఖాళీ షెడ్డులో నిలబడి, "చెయ్యి తియ్యండి, నేను బతకాలి" అన్నాను.

మర్నాడు పలకంతా రంగు సమంగా అంటింది. మూడూ అమ్ముడుపోయాయి, అన్నయ్య ఒక్కడే బాపట్ల వెళ్లాడు. మా ఆయన పోయిన రోజు చుట్టాలంతా ఏడవమన్నా రాని ఏడుపు, ఆ పొద్దున చల్లబడిన ఆ మూల తాకగానే వచ్చింది.